అదను తప్పిన చదువు



మన దేశములో మొట్టమొదటి కరోనా రోగి ఎవరో మీకు జ్ఞాపకమున్నదా? ఒక విద్యార్థిని. చైనా దేశములోని వూహాన్ నగరములో వైద్యము చదువుతూ సెలవులకు కేరళలోని తన ఇంటికి వచ్చిన అమ్మాయి. 2020 జనవరి 30వ తేదీన ఆమెకు వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ తరువాత మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రపంచవ్యాప్తమైన తెగులుగా ప్రకటించింది. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. నెత్తిన మూటలు, చంకన బిడ్డలతో రహదారుల వెంట నడిచి వచ్చిన వలస కూలీలను మనమందరము చూశాము. వారిని గూర్చి ఎంతో వ్రాయబడింది, వ్రాయవలసినదే.

కాని ఆ రోజులలో మూట సర్దుకొని ఇంటికి వచ్చినవారు మరి కొందరు ఉన్నారు. వారి కాళ్లకు బొబ్బలు లేవు, వారు ఆకలితో అలమటించలేదు. అందుచేత వారిని ఎవరూ గమనించలేదు. వారు విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి. పట్టా కొరకు పరిశోధన చేస్తున్న పిల్లలు. మన గ్రామ సంఘములలో ఇటువంటి పిల్లలు తక్కువే. ఉన్నవారిలో చాలామంది, వారి వంశములో పదవ తరగతి దాటిన మొదటి తరమువారు. అందుచేత వారు పోగొట్టుకొన్నది ఏమిటో ఇంట్లోవారికి అర్థము కాలేదు, చెప్పుకొనుటకు వారికి మాటలు దొరకలేదు. మా సంఘములోని ఒక సహోదరి ఆ రెండేళ్ల అనుభవమును 2023లో యౌవనస్థుల కూడికలో పంచుకొన్నది. పేరు వ్రాయవద్దని కోరి, మిగిలినది వ్రాయుటకు ఆమె అనుమతించింది.

చేను వంటిదే పరిశోధన

పిహెచ్.డి. అంటే డాక్టరు పట్టాయే గాని సూది మందు వేసే డాక్టరు కాదు. ఒక ప్రశ్న తీసుకొని, ఇంతవరకు ఎవరికీ తెలియని జవాబు ఒకటి వెదకి, దానిని రుజువులతో గ్రంథముగా వ్రాసి, పెద్దల ఎదుట నిలబడి సమాధానము చెప్పాలి. దీనికి నాలుగైదు ఏళ్లు పడుతుంది. దారి చూపించుటకు ఒక గైడు ఉంటారు. కొందరికి ప్రభుత్వము ఫెలోషిప్పు ఇస్తుంది, అదీ కొన్ని ఏళ్లే.

ఈ సహోదరి తీసుకొన్న ప్రశ్న మన పొలాలదే. వేరుశనగకు వచ్చే ఆకుమచ్చ తెగులు మీద ఆమె పరిశోధన. ఆకుల మీద నల్లటి మచ్చలు లేచి, ముదిరి, ఆకులు రాలిపోయి, కాయ నిండక రైతు నష్టపోవడము మన రాయలసీమవారికి చెప్పనక్కరలేదు. ఏ రకము విత్తనము ఈ తెగులును ఎంతవరకు తట్టుకొంటుందో తేల్చుట ఆమె పని. 2019 డిసెంబరులో విశ్వవిద్యాలయపు నెట్‌హౌస్‌లో రెండు వందల కుండీలలో విత్తనము వేసింది. వారము వారము ఒక్కొక్క మొక్క దగ్గర కూర్చొని, ఆకు ఎంత దెబ్బతిన్నదో ఒకటి నుండి తొమ్మిది వరకు అంకెలు వేసుకొన్నది.

వేరుశనగ పంట చేతికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. మార్చి నెలాఖరుకు తెగులు బాగా ముదిరి, ఏ మొక్క నిలిచింది, ఏది పడిపోయింది అన్నది తేలే సమయము. సరిగ్గా ఆ సమయములో, మార్చి మూడవ వారములో, హాస్టలు ఖాళీ చేయమన్నారు. ఒక్క రోజు గడువు. కుండీలకు చివరిసారి నీళ్లు పోసి, బస్సు ఎక్కి ఇంటికి వచ్చేసింది.

"అయ్యగారూ, ఇంటికి వచ్చిన పది రోజులకు తెలిసింది, నెట్‌హౌస్‌కు తాళము వేశారని. నీళ్లు పోసేవారు లేరు. ఆ ఎండలకు కుండీలు ఎన్నాళ్లు ఆగుతాయి? ఊరిలో మనుష్యులు చనిపోతారేమో అని అందరూ భయపడుతుంటే నేను మొక్కల కొరకు ఏడుస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గు వేసింది" అని ఆమె మాతో అన్నది.

రైతు కుటుంబములో పుట్టినవారికి ఈ మాట అర్థమవుతుంది. అదను తప్పితే విత్తనము ఎంత మంచిదైనా, ఎరువు ఎంత వేసినా ఆ ఏడాది పోయినట్లే. పరిశోధనలో కూడా అంతే. ఒక కారు పోతే ఒక సంవత్సరము పోతుంది. ఫెలోషిప్పు మాత్రము సంవత్సరముతో ఆగదు, దాని గడియారము అది నడుస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ నెలాఖరున విశ్వవిద్యాలయ నిధుల సంఘము పరిశోధక విద్యార్థులకు ఆరు నెలల అదనపు గడువు ఇవ్వవచ్చునని చెప్పింది. తరువాత ఆ గడువు మరికొన్ని సార్లు పెరిగింది. గడువు పెరిగింది గాని ఎండిన మొక్క చిగురించదు కదా!

ఇంటి పని, చదువు పని

ఇంటికి వచ్చిన అమ్మాయి ఇంట్లో ఉన్నట్లే లెక్క. కుర్రవాడు ఇంటికి వస్తే "చదువుకుంటున్నాడు, మాట్లాడించకండి" అంటాము. అమ్మాయి వస్తే "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా, గేదెకు మేత వేసి రా" అంటాము. ఈ సహోదరి ఇంట్లోనూ అదే జరిగింది. తెల్లవారి లేచి గేదెల పని, పగలు వంట, సాయంత్రము తమ్ముని పాఠాలు. అతనికి ఆన్‌లైను తరగతులు, ఇంటిలో ఉన్నది ఒకటే మంచి ఫోను. గైడుతో మాట్లాడాలంటే మిద్దె ఎక్కి సిగ్నలు వెదుక్కోవాలి. రాత్రి అందరూ పడుకొన్న తరువాత తొమ్మిది నుండి పన్నెండు వరకు ఆమె చదువు.

అది కష్టమే గాని దానికంటె పెద్ద కష్టము వేరే ఉన్నదని ఆమె చెప్పింది. "ఏం సాధించావు అని అడిగేవారే గాని ఎలా ఉన్నావు అని అడిగేవారు లేరు" అన్నది.

న్యూటను గారి పేరు చెప్పి

ఆ రోజులలో ఫోన్లలో ఒక సందేశము ఊరూరా తిరిగింది. ఇంగ్లండులో 1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూసివేస్తే, ఐజాక్ న్యూటను అనే విద్యార్థి తన పల్లెకు వెళ్లి, ఆ తీరికలోనే భూమ్యాకర్షణ శక్తిని కనిపెట్టాడు, మరి నీవేమి చేశావు అన్నది దాని సారాంశము. మేనమామ ఒకరు ఈ సందేశము ఆమెకు పంపించారు. మంచి ఉద్దేశముతోనే పంపించారు. ఆమె ఆ రాత్రి భోజనము చేయలేదు.

ఈ కథలో నిజము ఉన్నది, దాగినదీ ఉన్నది. న్యూటను 1665లో తన డిగ్రీ ముగించుకొని, ప్లేగు వలన ఊల్స్‌తోర్ప్ అనే తన స్వగ్రామమునకు వెళ్లిన మాట వాస్తవము. నడుమ కొద్దికాలము కేంబ్రిడ్జికి వచ్చి మరల వెళ్లి, 1667 వసంతములో తిరిగివచ్చాడు. గణితములో, కాంతి విషయములో, ఆకర్షణ విషయములో గొప్ప తలంపులు ఆ కాలములో అతనికి కలిగాయి. అయితే కేంబ్రిడ్జి విడువకముందే అతడు ఆ గణితములో మునిగి ఉన్నాడు. ఆకర్షణ సిద్ధాంతమును వివరించిన అతని మహాగ్రంథము అచ్చయినది 1687లో. అంటే ఆ పల్లెలో మొలిచిన తలంపు గ్రంథమగుటకు ఇంచుమించు ఇరవై సంవత్సరములు పట్టింది! పైగా అతని తల్లికి భూములు, పనివారు ఉన్నారు. అతడు గేదెకు మేత వేయనక్కరలేదు, మిద్దె ఎక్కి సిగ్నలు వెదకనక్కరలేదు.

న్యూటను గొప్పతనమును తగ్గించుట మా ఉద్దేశము కాదు. దేవుడు ఒకనికి ఇచ్చిన కృపను తెచ్చి మరొకని మెడకు తిరుగటిరాయిగా కట్టకూడదన్నదే మా మనవి. తలాంతుల ఉపమానములో యజమానుడు ఒకనికి అయిదు, ఒకనికి రెండు ఇచ్చాడు. రెండు ఇచ్చినవానిని అయిదెందుకు తేలేదని అడుగలేదు. అయిదు తెచ్చినవానిని మెచ్చుకొన్న మాటతోనే రెండు తెచ్చినవానినీ మెచ్చుకొన్నాడు. (మత్తయి 25వ అధ్యాయము చదువుకొనండి.)

అదే ప్లేగు, మరియొక పల్లె

అదే ప్లేగు కాలములో ఇంగ్లండులోనే ఈమ్ అనే మరియొక పల్లె ఉన్నది. దాని కథ ఫోన్లలో అంతగా తిరుగలేదు. 1665 సెప్టెంబరులో, లండను నుండి వచ్చిన బట్టల మూట ద్వారా ఆ ఊరి దర్జీ ఇంట ప్లేగు ప్రవేశించిందని చెప్పుదురు. ఊరివారు పారిపోతే చుట్టుప్రక్కల ఊళ్లన్నిటికి వ్యాధి పాకుతుంది. అప్పుడు ఆ ఊరి పాదిరిగారు విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ సేవ చేసిన థామస్ స్టాన్లీ గారితో కలిసి ఊరివారిని ఒప్పించారు. 1666 వేసవి నుండి ఎవరూ ఊరి పొలిమేర దాటలేదు. పొరుగువారు పొలిమేర రాతి దగ్గర ఆహారము పెట్టిపోతే, వీరు పులిసిన ద్రాక్ష కాడిలో నాణెములు వేసి ఉంచేవారు. గుడిలో గుమికూడుట మాని, ఒక లోయలో, ఆరుబయట, కుటుంబమునకు కుటుంబమునకు ఎడముగా నిలువబడి ఆరాధించారు. చనిపోయినవారిని వారి వారి కుటుంబములే తమ స్థలములలో పాతిపెట్టుకొన్నవి. పాదిరిగారి భార్య కేథరిన్ 1666 ఆగస్టులో మరణించారు. ఆ చిన్న ఊరిలో ఇంచుమించు 260 మంది చనిపోయారు.

ఆ ఊరివారు ఏదియు కనిపెట్టలేదు. ఇంట ఉన్నారు, అంతే. అయినా మూడు వందల యాభై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరు లోకము కృతజ్ఞతతో తలంచుచున్నది. తెగులు కాలములో పొరుగువాని ప్రాణమును కాపాడుట కూడ ఒక పనియే. మన ఆలయముల తలుపులు మూసిన ఆ దినములలో "విశ్వాసము లేదా?" అని కొందరు ప్రశ్నించారు. తలుపులు మూసినది ప్రేమ గనుక మూశాము.

2021 మే నెల

ఆ సహోదరికి 2020 వర్షాకాలము కొంత ఊరట ఇచ్చింది. కుండీలు పోయినా తండ్రి చేను ఉన్నది. గైడును అడిగి, తమ ఊరిలోను ప్రక్క ఊళ్లలోను రైతుల చేలలో ఆకుమచ్చ తెగులు ఎంత ఉన్నదో లెక్కలు తీసుకొన్నది. తండ్రి తన పాత మోటారు సైకిలు మీద వెంట వెళ్లేవాడు. ఆయన మా సంఘ పెద్ద. పెద్దగా చదువుకోలేదు. కాని ఏ చేనిలో తెగులు ముందు వస్తుందో, ఏ గట్టు వెంట మంచు ఎక్కువ నిలుస్తుందో ఆయనకు తెలుసు. "నా గైడులు ఇద్దరు" అని ఆమె నవ్వుతూ చెప్పేది.

2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ అల వచ్చింది. ఆయనకు జ్వరము వచ్చి, ఊపిరి ఆడక, పట్టణములోని ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. ఆరవ దినమున ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. భూస్థాపనకు మేము, మరి ముగ్గురము, ముఖములకు కప్పుకొని దూరముగా నిలువబడి ప్రార్థన చేశాము. తల్లికి కూడ జ్వరముండుటచేత ఆమె ఇంటిలోనుండి ఫోనులో విన్నది. ఇరవై ఏళ్లు సంఘములో ప్రతి భూస్థాపనకు ముందు నడిచిన మనిషి ఆయన. ఆయన భూస్థాపనలో పాట పాడుటకు గొంతులు లేవు.

తరువాత నాలుగు నెలలు ఆమె పుస్తకము తెరువలేదు. బంధువులు వచ్చి, "తండ్రి లేని పిల్ల, ఇంకా చదువేమిటి, సంబంధము చూద్దాము" అన్నారు. అప్పుడు మాట్లాడినది ఆమె తల్లి. "దాని నాయన అప్పు చేసింది పెళ్లికి కాదు, చదువుకు. చదువు ముగియనీయండి, పెళ్లి ఎక్కడికి పోతుంది" అన్నది. సంతకము మాత్రమే చేయగల ఆ తల్లి ఆ రోజు మాట్లాడిన మాట మేము ఇంకను మరువలేదు.

బదరీ వృక్షము క్రింద

ఆ నాలుగు నెలలలో మేము, మా అమ్మగారు వారింటికి వెళ్లుచుండేవారము. ఆమెకు ఏ ప్రసంగమూ చేయలేదు. ఒక దినమున మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము కలిసి చదివాము. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యము చేసిన ఏలీయా, అరణ్యములో బదరీ వృక్షము క్రింద కూలబడి, చావు కోరుకొన్నాడు. అప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. క్రొత్త పని వెంటనే చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మరల నిద్రపోనిచ్చాడు. మరల భోజనము పెట్టాడు. ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొన్నాడు. పని మాట ఆ తరువాత వచ్చింది.

"అయ్యగారూ, దేవునికి నా థీసిసు కంటె ముందు నా నిద్ర కావాలని ఆ రోజు అర్థమైంది" అని ఆమె యౌవనస్థుల కూడికలో చెప్పింది. అదే కూడికలో ఆమె మూడు సంగతులు చెప్పింది. వాటిని మా మాటలలో కాక ఆమె మాటలలోనే ఇస్తున్నాము.

"ఒకటి. పోయింది పోయిందని ఒప్పుకోవాలి. నేను ఆరు నెలలు పోలేదు పోలేదని నన్ను నేను మోసగించుకున్నాను. ఆ రెండు వందల కుండీలు పోయాయి అని థీసిసులో ఒక పేజీలో వ్రాసిన రోజు నా గుండె తేలికపడింది.

"రెండు. మన్నా సంగతి. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటిది ఈ రోజు దాచితే పురుగు పడుతుంది. నేను రోజుకు ఒక పేజీ అని పెట్టుకున్నాను. కొన్ని రోజులు నాలుగు వాక్యాలే వచ్చాయి. ఆ నాలుగూ ఆ రోజు మన్నా అనుకున్నాను.

"మూడు. నా పని ఒంటరి పని అనుకున్నాను, కాదు. మా నాన్న బండి, మా అమ్మ మాట, నాకు ఫోను వదిలి తాను ప్రక్క ఇంట్లో పాఠము విన్న తమ్ముడు, ఇంతమంది కలిసి వ్రాసిన పుస్తకము అది. పేరు మాత్రము నాది."

ఆమె 2022లో, ఇచ్చిన గడువు ముగియకముందే తన గ్రంథము సమర్పించింది. మరుసటి సంవత్సరము పట్టా వచ్చింది. గ్రంథము మొదటి పుటలో తండ్రి పేరు ఉన్నది. ఈ కథ ఇలా ముగిసినందుకు దేవునికి స్తోత్రము. అయితే ఇలా ముగియని కథలు కూడ ఉన్నాయని మనము మరువరాదు. ఫెలోషిప్పు ముగిసి, ఇంటి అప్పులు తీర్చుటకు చదువు మానివేసి ఏదో ఒక పనిలో చేరిన పిల్లలు ఉన్నారు. వారు ఓడిపోయినవారు కారు. వారి కారు పంట పోయింది, అంతే. చేను వారిదే, చేయి వారిదే, దేవుడు వారి దేవుడే.

సంఘము చేయదగినది

2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2021 జనవరి 16న మన దేశములో టీకాలు ప్రారంభమైనప్పుడు వేసిన రెండు టీకాలలో ఒకటైన కోవాక్సిన్ హైదరాబాదులో తయారైనది. టీకా వెనుకను, తెగులును తట్టుకొనే విత్తనము వెనుకను ఏళ్ల తరబడి ప్రయోగశాలలో కూర్చొన్న పరిశోధకులు ఉంటారు. వారిలో మన పిల్లలు కూడ ఉండవలెనని మనము కోరుకొంటే, ఇంట్లో, సంఘములో కొన్ని చేయవలసి ఉన్నది.

చదువుకొంటున్న బిడ్డ, కొడుకైనా కూతురైనా, ఇంటికి వస్తే రోజులో కొన్ని గంటలు తలుపు వేసుకొనే హక్కు ఇవ్వండి. ఇంటి పని అందరూ పంచుకొనండి. గది లేకపోతే ఒక మూల, ఒక బల్ల చాలు. మా సంఘములో ఇప్పుడు ఆదివారము తప్ప మిగిలిన దినములలో ఆలయపు ప్రక్క గది చదువుకొనే పిల్లలకు తెరచి ఉంచుచున్నాము. ఫ్యాను, దీపము, త్రాగునీరు ఉన్నాయి. దీనికి పెద్ద ఖర్చు కాలేదు.

"ఎప్పుడు అయిపోతుంది?" అని అడుగుటకు ముందు "ఎలా ఉన్నావమ్మా?" అని అడుగండి. పని ఏమిటో చెప్పించుకొనండి. అర్థము కాకపోయినా వినండి. యోబు స్నేహితులు ఏడు దినములు మాట్లాడక అతనితోకూడ నేలను కూర్చొన్నంతవరకు బాగుగానే ఉన్నారు. నోరు తెరచిన తరువాతనే అతనిని గాయపరచారు.

బిడ్డ నిద్ర మాని, భోజనము మాని, ఎవరితోను మాట్లాడక, బ్రతుకు మీద విరక్తి మాటలు పలుకుతుంటే దానిని అవిశ్వాసమని కొట్టివేయకండి. ప్రార్థన చేయండి, వైద్యుని దగ్గరకు కూడ తీసుకొని వెళ్లండి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉన్నది. నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరును మీ ఆలయపు నోటీసు బోర్డు మీద వ్రాసిపెట్టండి.

అపొస్తలుడైన పౌలు రోమాలో రెండేళ్లు అద్దె ఇంట, కావలివాని ఎదుట గడిపాడు. బయటికి పోలేనివాడు, తనయొద్దకు వచ్చినవారినందరిని చేర్చుకొన్నాడని అపొస్తలుల కార్యముల చివరి మాటలలో చదువుతాము. తలుపు మూసి ఉన్న ఇంటిలో కూడ దేవుడు పని చేయగలడు. ఆ పని ఒకప్పుడు గ్రంథము కావచ్చును, ఒకప్పుడు నాలుగు వాక్యములు కావచ్చును, ఒకప్పుడు రోగియైన తల్లికి కాచి ఇచ్చిన గంజి కావచ్చును. మూడింటిని ఆయన లెక్కలో వ్రాసుకొంటాడని మా విశ్వాసము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో, దూర ప్రాంతములలో చదువుచున్న మీ సంఘపు పిల్లలను ఒక్కొక్కరిని పేరు పెట్టి జ్ఞాపకము చేయండి. ప్రార్థన ముగిసిన వెంటనే వారిలో ఒకరికి ఫోను చేసి, భోజనము చేశారా అని అడుగండి.